క్యూలోనూ నీళ్లలోనూ: వినోద పార్కుల మర్యాద

తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కాలన్నా, 1938లో మొదలై నేటికీ హైదరాబాదు నాంపల్లి మైదానంలో జరుగుతున్న నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కాలన్నా ప్రతిసారీ విడిగా టికెట్ కొనాలి. అమ్యూజ్‌మెంట్ పార్కు పద్ధతి వేరు. అక్కడ గేటు దగ్గర ఒకేసారి రుసుము తీసుకొని, లోపలి రైడ్లలో, అంటే మనుషులను ఎక్కించుకొని తిప్పే, ఊపే, జార్చే సాధనాల్లో, చాలావాటిని ఆ రుసుముతోనే ఎక్కనిస్తారు. 1955లో కాలిఫోర్నియాలో తెరిచిన డిస్నీలాండ్‌లో కూడా తొలినాళ్లలో రైడ్లకు విడివిడి టికెట్లే ఉండేవి. అక్కడ కూపన్ల పుస్తకాలను 1982లో ఎత్తివేశారు. 2016లో హైదరాబాదు శివార్లలోని రావిర్యాల దగ్గర ప్రారంభమైన వండర్‌లాలోనూ ఒకే టికెట్ పద్ధతే నడుస్తోంది. డబ్బు గేటు దగ్గరే తీరిపోయాక లోపల అందరూ ఖర్చుపెట్టేది సమయాన్ని కాబట్టి, ఒకరి అలసత్వానికైనా దురాశకైనా మూల్యం చెల్లించేది వెనుక నిలబడ్డవారే.

ఇరవై నలుగురు కూర్చొనే ఒక రైడ్ ఎక్కించడం, తిప్పడం, దించడం కలిపి మూడు నిమిషాలకు ఒక విడత ముగిస్తుందనుకుంటే గంటకు 480 మందికి అవకాశం దొరుకుతుంది. సీటు దాకా వచ్చాక చెప్పులు విప్పుకోవడానికీ, కళ్లద్దాలు దాచుకోవడానికీ, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తేల్చుకోవడానికీ ప్రతి విడతలో మరో నిమిషం పోతే ఆ సంఖ్య 360కి పడిపోతుంది. అంటే ఆ గంటలో 120 మంది ఎండలో నిలబడే ఉంటారు. అందుకే జేబులు ఖాళీ చేసుకోవడం, జట్లు తేల్చుకోవడం వరసలో ఉన్నప్పుడే ముగించుకోవాలి. ఫోన్ విషయంలో కారణం మరింత గట్టిది. రోలర్ కోస్టర్, అంటే పట్టాలమీద ఎత్తుపల్లాల వెంట దూసుకుపోయే బండి, ఆ వేగంలో ఉండగా చేజారిన ఫోన్ కింద నడిచేవారి తల పగలగొట్టగలదు.

అన్నిటికన్నా ఎక్కువ తగవులు పుట్టేది క్యూలోనే. కుటుంబంలో ఒక్కరిని వరసలో నిలబెట్టి, మిగతా పదిమంది టిఫిన్లు ముగించుకొని ఆఖరి క్షణంలో ‘మావాళ్లు ముందున్నారండీ’ అంటూ కమ్మీల కింద నుంచి దూరి రావడం చాలామందికి తప్పుగానే కనిపించదు, కానీ వెనుకనున్నవారు చూసింది ఒక్క మనిషినే, లెక్కవేసుకున్నదీ ఒక్క మనిషినే. చంటిపిల్లను బాత్రూముకు తీసుకెళ్లిన తల్లి తిరిగి తన చోటికి వస్తే ఎవరూ కాదనరు, అనకూడదు కూడా; మిగతా సందర్భాల్లో వెనుకవారిని ముందుకు పంపి, తమవాళ్లంతా వచ్చాక కలిసి నిలబడటమే న్యాయం. కొన్ని పార్కుల్లో అదనపు రుసుముకు ఫాస్ట్‌ట్రాక్ టికెట్లు అమ్మి, వాటిని కొన్నవారికి వేరే దారి ఇస్తారు. ఆ ఏర్పాటు అందరికీ నచ్చకపోవచ్చు, అయితే దాన్ని పెట్టింది యాజమాన్యం కాబట్టి ఆ దారిలో వెళ్లేవారిమీద కేకలు వేయడంలో అర్థం లేదు.

రైడ్ దగ్గర నిలబడే ఆపరేటర్‌తో వాదన సాధారణంగా పిల్లల ఎత్తు గురించే వస్తుంది. రైడ్ కదిలేటప్పుడు మనిషిని సీటుకు పట్టి ఉంచే సేఫ్టీ బార్లు, భుజాల మీదుగా దిగే లాకులు ఒక కనీస శరీర పరిమాణానికి తగినట్టు తయారవుతాయి, ఎత్తు గీత ఆ పరిమాణానికి గుర్తు. గీతకు రెండువేళ్లు తక్కువైన పిల్లవాణ్ని మునికాళ్లమీద నిలబెట్టి ‘సరిపోతాడులే’ అనే తండ్రి, కొడుకు ప్రాణానికి కాపలా ఉన్న మనిషినే పక్కకు తోస్తున్నాడు. పొద్దస్తమానం అదే చోట నిలబడి, అదే జాగ్రత్త వందలసార్లు చెప్పే ఆ ఉద్యోగిని, వయసులో చిన్నవాడే అయినా, ‘ఏయ్’ అని కాక ‘మీరు’ అని పిలవడం కనీస గౌరవం.

నీళ్ల విభాగంలో మర్యాదకు రసాయనశాస్త్రం కూడా తోడవుతుంది. కొలను నీటిలో క్రిములను చంపడానికి కలిపే క్లోరిన్ చెమటతోనూ మూత్రంతోనూ చేరినప్పుడు క్లోరమిన్లు అనే పదార్థాలు ఏర్పడతాయి, కళ్లు ఎర్రబడటానికీ ఘాటు వాసనకూ ప్రధాన కారణం అవే. క్లోరిన్ ఆ పనిలో ఖర్చయ్యేకొద్దీ క్రిములను చంపే శక్తి తగ్గుతుంది, కనుక దిగేముందు షవర్ కింద ఒళ్లు కడుక్కోవడం, తలకు దట్టంగా కొబ్బరినూనె రాసుకొని దిగకపోవడం తోటివారికి చేసే నిజమైన ఉపకారం. నూలు బట్టల పీచు ఊడి ఫిల్టర్లలో చేరుతుంది కాబట్టే నైలాన్, పాలియెస్టర్ దుస్తులే వేసుకోవాలని పట్టుబడతారు. చీరకట్టుకు అలవాటుపడ్డ పెద్దవారికి ఇది ఇబ్బందే గనుక ఇంట్లో బయలుదేరేటప్పుడే వారికి చెప్పి, నిండుగా ఉండే దుస్తులు సిద్ధం చేసుకోవాలి. విరేచనాలున్నవారు దిగనే కూడదు, ఎందుకంటే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్ సరిగా కలిపిన నీటిలోనూ వారానికి పైగా బతకగలదు.

వాటర్ స్లైడ్ మీద ముందువాళ్లు కింది మడుగులోంచి పైకి వచ్చేదాకా ఆగాలి, దిగినవారు ఫొటోల కోసం అక్కడే నిలవకూడదు. కృత్రిమంగా అలలు లేపే వేవ్ పూల్‌లో మాత్రం గుంపు ఎక్కువ, ఆ గుంపును సాకుగా చేసుకొని ఆడపిల్లల ఒంటిమీద చేయి వేసేవారూ, తడిబట్టల్లో ఉన్నవారిని ఫోన్లలో తీసేవారూ ఉంటారు. దీన్ని అమర్యాద అని తేలిగ్గా వదలకూడదు, ఇది దౌర్జన్యం. బట్టలు మార్చుకొనే స్త్రీని చాటుగా చూడటం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం, మొదటిసారి రుజువైతే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలుశిక్ష పడుతుంది. హైదరాబాదులో 2014లో ఏర్పడిన షీ టీమ్స్ ఇటువంటి వేధింపుల ఫిర్యాదులు తీసుకుంటాయి. జరిగింది చూసిన పక్కవారు ముఖం తిప్పుకోకుండా లైఫ్‌గార్డుకు చెప్పడం ఆ అమ్మాయికి దక్కవలసిన మొదటి సాయం.

వాన పడినా, ఉరుములు మెరుపులు వచ్చినా, యంత్రంలో చిన్న లోపం కనిపించినా రైడ్లు ఆపేస్తారు. గంట నిలబడ్డాక వరస చెదిరిపోతే ఎవరికైనా కడుపు మండుతుంది, టికెట్ గురించి అడగవలసిన ప్రశ్నలూ ఉంటాయి. అవి అడగవలసినది గేటు దగ్గరి కార్యాలయంలో. రైడ్ ఆపిన ఆపరేటర్ చేతిలో వాపసు ఇచ్చే అధికారం ఉండదు, అనుమానం వచ్చిన యంత్రాన్ని ఎవరెంత ఒత్తిడి చేసినా నడపకుండా ఉండే బాధ్యత మాత్రం ఉంటుంది.