కువైట్‌లో మనం ఎంతమందిమి?

"కువైట్ జనాభా ఎంత?" అని మన పిల్లల్ని అడిగితే టకీమని ఫోనులో చూసి అంకె చెప్పేస్తారు. ఆ అంకెలో ఎవరెవరు ఉన్నారు, ఎప్పుడు వచ్చారు, ఎందుకు వచ్చారు అని అడిగితే మాత్రం పెద్దవాళ్ళం కూడా తడుముకుంటాం. పాతికేళ్ళుగా ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్నవాడిని, ఇద్దరు పిల్లల్ని ఇక్కడే పెంచినవాడిని. అన్నం పెడుతున్న దేశం గురించి ఆమాత్రం తెలుసుకోకపోతే ఎలా అనిపించి నాలుగు మాటలు రాస్తున్నాను. పిల్లలూ, ఇది ముఖ్యంగా మీ కోసం. అమ్మానాన్నలు పక్కన కూర్చుని చదివితే ఇంకా మంచిది.

కడప జిల్లా అంత దేశం

కువైట్ విస్తీర్ణం 17,818 చదరపు కిలోమీటర్లు. విడిపోక ముందు మన కడప జిల్లా విస్తీర్ణం 15,359 చదరపు కిలోమీటర్లు. అంటే కడప జిల్లా కంటే కాస్త పెద్దదంతే! 2011 లెక్కల ప్రకారం ఆ జిల్లా జనాభా దాదాపు 29 లక్షలు. 2024 చివరికి కువైట్ జనాభా దాదాపు 50 లక్షలు. పైగా ఇక్కడ నేలలో ఎక్కువ భాగం ఎడారి. జనమంతా సముద్రపు ఒడ్డునే, రాజధాని చుట్టుపక్కలే ఉంటారు. దేశంలో ఉన్నవి ఆరు గవర్నరేట్‌లు: రాజధాని, హవల్లీ, ఫర్వానియా, అహ్మదీ, జహ్రా, ముబారక్ అల్ కబీర్.

గోడ లోపలి ఊరు

ఒకప్పుడు ఇది ముత్యాల వేట మీద, పడవ వ్యాపారం మీద బతికిన చిన్న రేవు పట్టణం. ఇక్కడి ముత్యాలు బొంబాయికి వెళ్ళేవి. అక్కడి నుంచి బియ్యం, బట్టలు, పడవలకు కలప వచ్చేవి. 1961లో దినార్ వచ్చేదాకా ఇక్కడ చెలామణి అయింది రూపాయే. కువైటీలు ఇప్పటికీ చెప్పుని 'జూతీ' అనీ, ఫ్యానుని 'బంకా' అనీ అంటారు. మన దేశపు మాటలే!

1920లో ఊరిని కాపాడుకోవడానికి చుట్టూ మట్టి గోడ కట్టుకున్నారు. 1957లో ఊరు పెరిగిపోయి గోడని కూల్చేశారు కానీ దాని ద్వారాలు మాత్రం ఉంచారు. సిటీలో షెరటాన్ రౌండబౌట్ దగ్గర కనిపించే జహ్రా గేటు వాటిలో ఒకటి. ఈసారి అటు వెళ్ళినప్పుడు పిల్లలకి చూపించండి. ఆ 1920వ సంవత్సరానికి ఇంకో ప్రాముఖ్యం కూడా ఉంది. 1959లో వచ్చిన పౌరసత్వ చట్టం, 1920కి ముందు నుంచీ ఇక్కడ స్థిరపడి ఉన్నవారినే మూల కువైటీలుగా గుర్తించింది.

ఆ మూల కువైటీలు కూడా అందరూ ఒకచోటి వారు కారు. అరేబియా నడిబొడ్డున ఉన్న నజ్ద్ ప్రాంతం నుంచి వచ్చినవారున్నారు. ఇరాన్ వైపు నుంచి వచ్చిన 'అజమ్'లున్నారు. ఒంటెలతో, గొర్రెలతో ఎడారిలో తిరిగి తర్వాత ఇళ్ళు కట్టుకున్న బదూలున్నారు. ముస్లింలలో సున్నీలు ఎక్కువ, షియాలూ గణనీయంగా ఉన్నారు. కొన్ని క్రైస్తవ కుటుంబాలకు కూడా కువైట్ పౌరసత్వం ఉంది.

అంకెలు చెప్పే కథ

నూనె 1938లో బుర్గాన్‌లో పడింది. మొదటి నూనె ఓడ 1946లో కదిలింది. ఆ తర్వాత కథ ఈ అంకెలే చెబుతాయి.

1957 (మొదటి జనగణన): 2.06 లక్షలు
1965: 4.67 లక్షలు
1975: 9.95 లక్షలు
1985: దాదాపు 17 లక్షలు
1995: 15.75 లక్షలు
2005: 22 లక్షలు
2011: 30.6 లక్షలు
2024 చివర: దాదాపు 50 లక్షలు

1957లో సగానికి కాస్త ఎక్కువ మంది కువైటీలే. 1965 నాటికే వాళ్ళు సగానికి తగ్గారు. బడులు, ఆసుపత్రులు, రోడ్లు అన్నీ ఒక్కసారిగా కట్టాల్సి వస్తే, ఉన్న కొద్దిమంది ఎలా సరిపోతారు? పాలస్తీనా నుంచి టీచర్లు, ఇంజనీర్లు వచ్చారు. ఈజిప్టు, ఇరాన్, భారత్, పాకిస్తాన్‌ల నుంచి జనం వచ్చారు.

పిల్లలూ, 1985కీ 1995కీ మధ్య అంకె తగ్గింది, గమనించారా? 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ని ఆక్రమించింది. లక్షలాది మంది కట్టుబట్టలతో వెళ్ళిపోయారు. మనవాళ్ళు సుమారు 1.7 లక్షల మంది ఉండేవారు. చాలామంది బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో బొంబాయి చేరారు. 1991 ఫిబ్రవరి 26న కువైట్ విముక్తి పొందింది. అంతకు ముందు ఇక్కడ 4 లక్షల దాకా ఉన్న పాలస్తీనా వారిలో అత్యధికులు మళ్ళీ ఇక్కడ స్థిరపడలేదు.

కరోనా కాలంలోనూ ఇలాగే జరిగింది. 2019 చివర 47.8 లక్షలున్న జనాభా 2021 చివరికి 43.9 లక్షలకు పడిపోయింది. దాదాపు నాలుగు లక్షల మంది తగ్గారు. మా ఆఫీసులోనే రెండు వరసల కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఒక్కొక్క కుర్చీ వెనకా ఒక కుటుంబం, ఊళ్ళో సగంలో ఆగిన ఒక ఇల్లు.

ఇప్పుడు ఎవరెవరున్నారు?

2024 చివరి లెక్క ప్రకారం కువైటీలు సుమారు 15.7 లక్షలు. అంటే పదిమందిలో ముగ్గురు. భారతీయులు సుమారు 10 లక్షలు, అయిదుగురిలో ఒకరు! విదేశీయుల్లో మనమే మొదటి స్థానంలో ఉన్నాం. తర్వాత ఈజిప్టు వారు, సుమారు 6.6 లక్షలు. ఆపైన బంగ్లాదేశ్, ఫిలిప్పీన్స్, సిరియా, శ్రీలంక, నేపాల్, పాకిస్తాన్ దేశాల వారు. ఇక్కడే పుట్టి పెరిగినా ఏ దేశపు పౌరసత్వమూ లేని 'బిదూన్'లు కూడా లక్ష దాకా ఉన్నారు. అరబ్బీలో బిదూన్ అంటే 'లేకుండా' అని అర్థం. ఆ ఒక్క మాటలోనే వాళ్ళ కష్టమంతా ఉంది.

ఈ జనాభాలో ఇంకో విశేషం చూడండి. నూటికి అరవై మంది దాకా మగవారే. నూటికి ఎనభై మంది దాకా పనిచేసే వయసు వారు. అరవై అయిదు దాటినవారు బహు తక్కువ. మీ ఫ్లాట్ల బిల్డింగులో తాతయ్యలు, నాయనమ్మలు ఎందుకు కనిపించరో ఇప్పుడు అర్థమైందా? ఇది జనం పనికి వచ్చిన దేశం. ముసలితనం మన ఊళ్ళో ఎదురుచూస్తూ ఉంటుంది.

ఇక్కడ 'బ్యాచిలర్' అనే మాటకీ అర్థం వేరు. పెళ్ళయి, మనవలున్నా సరే, కుటుంబం లేకుండా ఒంటరిగా ఉంటే బ్యాచిలరే. 2024లో కుటుంబ వీసాకి కనీస జీతం 800 దినార్లు అన్నారు. అంత జీతం ఎందరికి ఉంటుంది? ఖైతాన్‌లో, మహబూలాలో, జలీబ్‌లో ఒక్క గదిలో ఆరేడుగురు సర్దుకుంటున్నవారి పిల్లలు రాజంపేటలోనో, రాయచోటిలోనో, కోనసీమలోనో నాన్న వీడియో కాల్ కోసం చూస్తుంటారు. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులుంటున్న భవనం తగలబడితే 45 మంది భారతీయుల మృతదేహాలు ప్రత్యేక విమానంలో స్వదేశం చేరాయి. మృతుల్లో మన ఆంధ్రప్రదేశ్ వాళ్ళు ముగ్గురున్నారు.

ఇళ్ళలో పనిచేసేవారు సుమారు ఏడున్నర లక్షలు. వారిలోనూ భారతీయులే ఎక్కువ. శుక్రవారం సిటీలో మాలియా వైపు వెళితే కడప యాస, గోదావరి యాస కలిసి వినిపిస్తాయి. సొంత బిడ్డని అమ్మమ్మ దగ్గర వదిలి, ఇక్కడ ఇంకొకరి బిడ్డకి గోరుముద్దలు తినిపిస్తున్న తల్లులు అక్కడ కనిపిస్తారు. మన సంఘం పండుగలకి వాళ్ళలో ఎంతమంది రాగలుగుతున్నారో మనమంతా ఒకసారి ఆలోచించాలి.

మీ కార్డు తీసి చూడండి!

ఈ లెక్కలన్నీ చూసేది 1982లో ఏర్పడిన పౌర సమాచార సంస్థ. మన సివిల్ ఐడీ ఇచ్చేదీ అదే. పిల్లలూ, కార్డు మీద పన్నెండు అంకెల నెంబరు ఉంటుంది. మొదటి అంకె శతాబ్దం: 2 అయితే 1900లలో పుట్టినవారు, 3 అయితే 2000 నుంచి పుట్టినవారు. తర్వాతి ఆరు అంకెలు పుట్టిన సంవత్సరం, నెల, తేదీ. 2012 మే 9న పుట్టినవారి నెంబరు 3120509తో మొదలవుతుంది. ఇప్పుడు అమ్మది, నాన్నది చూసి పుట్టినరోజులు చెప్పండి!

ఆ కార్డు కువైటీకీ ఉంటుంది, మనకీ ఉంటుంది. తేడా ఏమిటంటే, మన కార్డు అకామాతో ముడిపడి ఉంటుంది. ఇక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. అది తండ్రి నుంచి వస్తుంది. పదిమందిలో ముగ్గురే అయిపోయామన్న బెంగ కువైటీలకీ ఉంది. విదేశీయులు ముప్పై శాతానికి తగ్గాలని 2020లో అప్పటి ప్రధాని అన్నారు. అదే ఏడాది జనాభా సమతుల్యత కోసం చట్టమూ చేశారు. దాన్ని మన మీద కోపంగా తీసుకోనక్కరలేదు. మన ఊళ్ళో మనమే ముప్పై శాతం అయితే మనకెలా ఉంటుంది? అలాగే, ఈ ఊరిని కట్టిన చేతుల్లో మన చేతులూ ఉన్నాయని చెప్పుకోవడంలో తప్పూ లేదు.

మా పెద్దమ్మాయి ఒకసారి, "నాన్నా, నేను కువైట్ లెక్కలో ఉన్నానా, ఇండియా లెక్కలో ఉన్నానా?" అని అడిగింది. ఈ ఏడాది కువైట్ లెక్కలో ఉన్నావు తల్లీ, ఎప్పుడూ మన లెక్కలో ఉంటావు అన్నాను. మీ ఇంట్లోనూ ఒక చిన్న లెక్క రాసి పెట్టుకోండి పిల్లలూ: మీ ఇంటి నుంచి మొదట ఎవరు వచ్చారు, ఏ సంవత్సరం, ఏ ఊరి నుంచి, ఏ పనికి. అది ఏ జనగణనలోనూ దొరకదు. మీరు రాస్తేనే ఉంటుంది.