మూడు బండ్లు, మూడు వాదాలు

అమెరికాలో మోటారు బండ్లంటే మక్కువ గలవారు నలుగురు చేరితే సంభాషణ త్వరలోనే వాదంగా మారుతుంది. పెద్ద ఇంజను గల ట్రక్కుకు సాటి లేదని ఒకరు, పెట్రోలునూ విద్యుత్తునూ కలిపి వాడే హైబ్రిడ్ బండియే మేలని ఇంకొకరు, ఇకమీదట విద్యుత్ వాహనాలదే కాలమని వేరొకరు అంటారు. ఒకరి మాట మరొకరికి వట్టి మొండితనంగా తోస్తుంది. అయితే ఈ మూడు వాదాలలోనూ అభిరుచితోపాటు భౌతికశాస్త్రం కూడా కొంత ఉన్నది. దానిని వేరుచేసి తూచి చూస్తే, ఎవరి మాట ఎంతవరకు నిజమో ఉన్నత పాఠశాల లెక్కలతోనే తేల్చవచ్చును.

విద్యుత్ వాహనం నిజానికి కొత్తది కాదు. 1899లో బెల్జియం దేశీయుడు కమిల్ జెనాట్సీ ఫ్రాన్సులో నడిపి, గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని మొదటిసారిగా దాటించిన కారు విద్యుత్ కారే. 1900 ప్రాంతంలో ఫెర్డినాండ్ పోర్షే, పెట్రోలు ఇంజనుతో విద్యుత్తును పుట్టించి మోటార్లతో చక్రాలను తిప్పే బండిని తయారుచేశాడు. నేటి హైబ్రిడ్ బండ్లకు అదే పూర్వరూపం. తరువాత చౌకగా దొరికిన పెట్రోలు, 1908లో వచ్చిన ఫోర్డు మోడల్-టి కారు పెట్రోలు ఇంజనును గెలిపించాయి. 1912లో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరు అమర్చడంతో చేతితో హాండిలు తిప్పే బాధ కూడా తప్పినది. పెట్రోలు కారుకు ఆ మేలు చేసినది ఒక చిన్న విద్యుత్ మోటారే కావడం విశేషం. 1991లో లిథియం-అయాన్ బ్యాటరీ అంగడిలోకి, 1997లో టొయోటా ప్రియస్ హైబ్రిడ్ కారు జపాను వీధులలోకి వచ్చిన తరువాత పాత పోటీ మళ్లీ మొదలైనది.

ముందుగా విద్యుత్ పక్షంవారి మాట చూద్దాం. పెట్రోలు ఇంజనులో పుట్టే ఉష్ణంలో పెద్దభాగం పొగగొట్టం ద్వారాను, రేడియేటరు ద్వారాను గాలిపాలవుతుంది. రోడ్డు మీద నడిచేటప్పుడు నాలుగవ వంతు శక్తి చక్రాలకు చేరితే అదే గొప్ప. విద్యుత్ మోటారు తనకు అందిన శక్తిలో సుమారు 90 శాతాన్ని చలనంగా మార్చగలదు. పైగా ఇంజను తగినంత వేగంగా తిరిగితే తప్ప బలం చూపదు. అందుకే దానికి గేర్లు కావలసి వచ్చాయి. మోటారు నిలిచి ఉన్న స్థితి నుండియే పూర్తి బలంతో తిప్పగలదు. విద్యుత్ కారు బయలుదేరగానే ముందుకు దూకినట్లుండడానికి కారణం ఇదే.

మరి ట్రక్కు పక్షంవారి అభ్యంతరమేమిటి? వారు మోటారును కాక, దానికి శక్తినిచ్చే బ్యాటరీని తప్పుపడతారు. 2022లో అమ్మకానికి వచ్చిన ఫోర్డు ఎఫ్-150 లైట్నింగ్ అనే విద్యుత్ ట్రక్కును ఉదాహరణగా తీసుకొందాం. దాని పెద్ద బ్యాటరీలో 131 కిలోవాట్-గంటల శక్తి, అనగా మన కరెంటు బిల్లు లెక్కలో 131 యూనిట్లు పట్టేది. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. కనుక అంత పెద్ద బ్యాటరీలో ఉన్నది 15 లీటర్ల పెట్రోలుకు సమానమైన శక్తి మాత్రమే! ఆ కాస్త శక్తితో 515 కిలోమీటర్లు నడవగలదని ప్రభుత్వ పరీక్షలలో తేలడం మోటారు గొప్పతనం. 15 లీటర్ల పెట్రోలు బరువు 11 కిలోలు కాగా, బ్యాటరీ బరువు ముప్పాతిక టన్ను ఉండడం బ్యాటరీ లోపం.

ఈ లోపం ట్రెయిలరు తగిలించినప్పుడు బయటపడుతుంది. ఎత్తైన ట్రెయిలరును లాగే బండి మరింత గాలిని చీల్చుకొని పోవాలి. గాలి నిరోధం వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం రెట్టింపయితే నిరోధం నాలుగింతలవుతుంది. అమెరికాలో జరిపిన పరీక్షలలో ట్రెయిలరు లాగే విద్యుత్ ట్రక్కులు దాదాపు సగం దూరమే పోగలిగాయి. పెట్రోలు ట్రక్కుకు కూడా నష్టం ఇంచుమించు ఇంతే. కాని దాని తొట్టిలో వంద లీటర్లు ఉంటే అది సగానికి తగ్గినా ప్రయాణం సాగుతుంది.

పైగా నింపుకొనే వేగంలో తేడా ఉన్నది. పెట్రోలు పంపు నిమిషానికి 30 లీటర్లు పోస్తే, నిమిషంలో 270 యూనిట్లు బండిలోకి చేరినట్లు. దానిని సామర్థ్యంగా లెక్కిస్తే 16,000 కిలోవాట్లకు పైన తేలుతుంది. లైట్నింగ్ గ్రహించగల సామర్థ్యం సుమారు 150 కిలోవాట్లు. ఇంజను వృథా చేసే ముప్పాతిక భాగాన్ని తీసివేసినా పంపుదే పైచేయి.

హైబ్రిడ్ పక్షంవారి బలం బ్రేకులో ఉన్నది. 1,200 కిలోల కారు సెకండుకు 15 మీటర్ల వేగంతో పోతుంటే దాని గతిజశక్తి 1,35,000 జౌళ్లు. బ్రేకు వేసినప్పుడల్లా అదంతా ఉష్ణమై పోతుంది. ఊరిలో కూడలి కూడలికీ ఆగే బండికి ఇది చిన్న నష్టం కాదు. హైబ్రిడ్ బండిలో బ్రేకు వేయగానే మోటారు జనరేటరుగా మారి, ఆ శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలో చేరుస్తుంది. మరల కదిలేటప్పుడు ఆ శక్తియే అక్కరకు వస్తుంది కనుక చిన్న బ్యాటరీయే చాలును. ఆగకుండా సాగే పెద్ద రహదారి మీద మాత్రం ఈ లాభం బాగా తగ్గిపోతుంది.

బరువు బండికి విద్యుత్తు పనికిరాదని దీనినిబట్టి తీర్మానించరాదు. స్విట్జర్లాండులోని ఒక సున్నపురాతి గనిలో, ఖాళీగా 45 టన్నులు తూగే విద్యుత్ ట్రక్కు కొండ ఎక్కి, 65 టన్నుల రాతితో దిగి వస్తుంది. ప్రతి 100 మీటర్ల ఎత్తుకు ఎక్కేటప్పుడు కావలసిన స్థితిజశక్తి సుమారు 12 యూనిట్లు. దిగేటప్పుడు విడుదలయ్యేది 30 యూనిట్లు. నష్టాలు పోను కూడా ఎక్కడానికి సరిపడే శక్తి దిగడంలోనే దొరుకుతుంది!

ఇక పొగ సంగతి. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. లీటరుకు 16 కిలోమీటర్లు నడిచే కారు కిలోమీటరుకు 144 గ్రాములు, 24 కిలోమీటర్లు నడిచే హైబ్రిడ్ 96 గ్రాములు విడుస్తాయి. మన దేశంలో బొగ్గు విద్యుత్తే ఎక్కువ కనుక యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు లెక్కకు వస్తుంది. కిలోమీటరుకు 0.15 యూనిట్ వాడే విద్యుత్ కారు వంతు 105 గ్రాములు. తీగలలోను, చార్జింగులోను పోయే నష్టాలు కలిపితే మరికొంత ఎక్కువ. అంటే ఇక్కడ నేటికి విద్యుత్ కారు, మంచి హైబ్రిడ్ దాదాపు సమానం. అయితే విద్యుత్ కారు వీధిలో పొగ వదలదు. సూర్యరశ్మి, గాలి నుండి తీసే విద్యుత్తు పెరిగినకొద్దీ, ఆ కారును మార్చకుండానే దాని లెక్క మెరుగవుతుంది. పెట్రోలు ఇంజనుకు ఆ అవకాశం లేదు.

కనుక ఏ బండి మంచిదన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఎంత బరువు, ఎంత దూరం, ఎన్నిసార్లు ఆగాలి, విద్యుత్తు దేనినుండి వస్తున్నది అనే నాలుగు సంగతులు తెలిస్తే జవాబు దానంతటదే వస్తుంది. మీ ఊరి ఆర్.టి.సి. బస్సుకు విద్యార్థులు ఈ లెక్క వేసి చూడవచ్చును. అది రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో, ఎన్నిచోట్ల ఆగుతుందో కండక్టరును అడిగితే చెబుతాడు.