పజిళ్ళలో పట్టా!

ఆదివారం పేపరు రాగానే మీ అమ్మాయి గళ్ళనుడికట్టు ముందేసుకుని కూర్చుంటే "అదేమన్నా కూడు పెడుతుందా?" అని కేకలేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి.

అమెరికాలో ఇండియానా యూనివర్సిటీ నుంచి విల్ షార్ట్జ్ అనే కుర్రాడు 1974లో అచ్చంగా పజిళ్ళలోనే డిగ్రీ పుచ్చుకున్నాడు! అలాంటి కోర్సు అక్కడ లేదు. విద్యార్థే తన డిగ్రీని రూపొందించుకునే వీలు మాత్రం ఉంది. ఆయన దానికి పెట్టుకున్న పేరు ఎనిగ్మటాలజీ.

అలాగని నచ్చిన నాలుగు సబ్జెక్టులు చేర్చి కలగూరగంప చేస్తే ఒప్పుకోరండోయ్. ఏవి, ఎందుకు కావాలో రాసివ్వాలి. అండగా ఉండే ప్రొఫెసరును వెతుక్కోవాలి. కమిటీని ఒప్పించాలి. షార్ట్జ్ పజిళ్ళ చరిత్ర, లెక్కలు, తర్కం, మనస్తత్వశాస్త్రం అన్నీ చదివారు. కొత్త గళ్ళనుడికట్టు తయారుచేసి తీసుకెళితే, ప్రొఫెసరు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, పూరిస్తూనే తప్పొప్పులు చెప్పేవారట.

"మరి ఉద్యోగం?" మీరడగబోయేది అదేగా! ఆయన 1977లో లా పట్టా కూడా తీసుకున్నారు. నల్లకోటు మాత్రం వేయలేదు. 1993లో న్యూయార్క్ టైమ్స్ పత్రికకు పజిళ్ళ ఎడిటరయ్యారు. అందరికీ అలా కలిసిరాదనుకోండి. నా మట్టుకు నాకు ఆ లా పట్టా ముందుచూపే నచ్చింది.

మీ పిల్లలు అక్కడ ఇలాంటి డిగ్రీ చేస్తానంటే కాదనకండి, కానీ అడగండి. పైచదువుకు కావలసిన సబ్జెక్టులు ఇందులో వస్తాయా? పట్టా మీద ఏమని రాస్తారు? మధ్యలో ఆ ప్రొఫెసరు వెళ్ళిపోతే ఎవరు చూస్తారు?