స్కూల్ పూల్‌లో సొరచేపలు.. క్లాస్‌రూమ్‌లో బొమ్మలు!

జపాన్‌లోని మురోటో పట్టణంలో ఓ స్కూల్ ఉంది. దాని స్విమ్మింగ్ పూల్‌లో సొరచేపలు, సముద్రపు తాబేళ్లు తిరుగుతుంటాయి. పిల్లలు చేతులు కడుక్కునే తొట్టెల్లోనూ చేపలే! ఒకప్పుడిది షీనా ఎలిమెంటరీ స్కూల్. చదివే పిల్లల్లేక 2006లో మూతపడింది. పుష్కరం పాటు ఖాళీగా ఉన్న ఆ బిల్డింగ్‌నే 2018లో అక్వేరియం చేశారు. చేపలు కూడా ఎక్కువగా అక్కడి జాలర్ల వలలో పడ్డవే.

జపాన్‌లో పుట్టే పిల్లలు తగ్గిపోయారు. పల్లెల్లోని కుర్రాళ్లేమో ఉద్యోగాలకని సిటీలకు వెళ్లిపోయారు. ఇంక బడికి వెళ్లేదెవరు? 2002 నుంచి 2020 వరకు 8,580 ప్రభుత్వ బళ్లకు తాళం పడింది. బిల్డింగులు చూస్తే గట్టివి, కూల్చాలన్నా ఖర్చే. అందుకే 2010లో అక్కడి విద్యాశాఖ ఓ ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఖాళీ బళ్ల వివరాలు బయటపెట్టి, వాడుకునేవాళ్లను వెతకడమే దాని పని. అచ్చం పెళ్లి సంబంధాలు చూసినట్టే!

అయితే అన్ని బళ్లకూ సంబంధం కుదరదు కదా. మురోటో ఉన్న షికోకు దీవిలోనే నగోరో అనే కొండ ఊరుంది. 2012లో అక్కడి స్కూల్ మూసేనాటికి మిగిలింది ఇద్దరే పిల్లలు. వాళ్లు తమలాంటి బొమ్మలు చేసి, తమ బట్టలే తొడిగి క్లాసులో కూర్చోబెట్టారు. సొంతూరికి తిరిగొచ్చిన అయానో త్సుకిమి అనే మహిళ మరెన్నో బొమ్మలు కుట్టారు. టూరిస్టులు వచ్చి సెల్ఫీలు దిగి వెళ్తుంటారు. ఊళ్లో ఇప్పుడు మనుషుల కంటే ఆ బొమ్మలే ఎక్కువ.