కొలతల్లో మిగిలే ఓరువ
శ్రీలంక జాలరుల తెరచాప పడవకు నమూనా చేయడమంటే వడ్రంగి చేతిలోని లెక్కను కాపాడడమే

చూడగానే ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటే: ఇంత సన్నటి పడవ సముద్రంలో బోల్తా కొట్టదా? శ్రీలంకలోని నెగొంబో తీరానికి గుర్తుగా నిలిచిన ఓరువ తీరే అంత. అడుగున తొలిచిన మాను, దాని అంచుల మీద నిలువుగా పలకలు. వాటిని కలిపేది మేకులు కాదు, కొబ్బరి పీచు తాడుతో వేసిన కుట్లు. లోపల మనిషి కాళ్లు దించి కూర్చోవడమే కష్టం.

దాన్ని నిలబెట్టేది పక్కనుండే దుంగ. రెండు వంపు కర్రలతో పడవకు కట్టిన ఈ దుంగ ఎప్పుడూ గాలి వచ్చే వైపే ఉండాలి. అందుకే దిశ మార్చాల్సి వస్తే జాలరులు పడవను తిప్పరు, తెరచాపను రెండో కొస వైపు మళ్లిస్తారు. అప్పటిదాకా వెనుక ఉన్నది ముందు భాగమైపోతుంది. గాలి జోరెక్కితే ఒకరో ఇద్దరో కర్రల మీదికి వెళ్లి తమ బరువుతో దుంగను అదిమి పడతారు. గాలిని 'ఒక మనిషి గాలి', 'ఇద్దరు మనుషుల గాలి' అని కొలిచింది అందుకే. ఈ ద్వీపం దగ్గరి నీళ్లలో రెండు కొసలూ ముందు భాగాలే అయిన ఓడలు తిరుగుతాయని రోమన్ రచయిత ప్లీనీ 1వ శతాబ్దంలోనే రాశాడు.

ఇలాంటి పడవలను కాగితం మీద గీసి కట్టలేదు. కొలతలన్నీ వడ్రంగి కంటిలో, చేతిలో ఉండేవి. ఆ చేయి ఆగిపోతే లెక్కా పోతుందని ముందుగా గ్రహించిన వారిలో ఫ్రెంచి నౌకాదళ అధికారి ఎడ్మండ్ పారిస్ ఒకరు. ప్రపంచాన్ని మూడుసార్లు చుట్టివచ్చిన ఆయన సిలోన్, కోరమాండల్ తీరాలతో సహా ఐరోపా వెలుపలి పడవల కొలతలు తీసి, 1840లలో పుస్తకంగా వెలువరించారు. 1871లో లూవ్ర్‌లోని నౌకా మ్యూజియం బాధ్యతలు చేపట్టి, తన చిత్రాల ఆధారంగా నమూనాలు చేయించారు.

ఈ పనిలో కచ్చితత్వమే ప్రాణం. ఇరవయ్యో వంతు స్కేలులో 10 మీటర్ల పడవ 50 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. ఒక్క సెంటీమీటరు తప్పు అసలు పడవలో 20 సెంటీమీటర్ల తేడా. చూపుకు బాగుంటుందని మధ్య భాగాన్ని ఆ మాత్రం వెడల్పు చేసినా పడవ స్వభావమే మారిపోతుంది. పక్కన దుంగ ఎందుకుందో నమూనా చూసినవారికి అర్థం కాదు.

1950ల చివరి నుంచి శ్రీలంక తీరానికి ఇంజన్ పడవలు వచ్చాయి. తర్వాత ఫైబర్‌గ్లాస్ వచ్చింది. 2004 సునామీ వేలాది చేపల పడవలను తుడిచిపెట్టాక, వాటి స్థానంలో ఎక్కువగా ఫైబర్‌గ్లాస్ పడవలే చేరాయి. వాటిలో కొన్నింటికి పక్కదుంగ ఇంకా ఉంది. తరిగిపోతున్నవి తొలిచిన మాను, పీచు కుట్లు, తెరచాప.

నమూనా వీటిని చూపగలదు. కానీ అద్దాల పెట్టెలో గాలి వీయదు. కర్ర మీదికి ఏ క్షణంలో పరుగెత్తాలో కొలతలు చెప్పవు. అది తెలిసినవారు తీరంలో ఉండగానే అడిగి రాసుకోవాలి.