చిన్న అల్యూమినియం పడవను ఎన్నుకొనుట

కొల్లేటిలో తాటిదోనె యెక్కినవారికి, మనిషి కొంచెము పక్కకు జరిగినంతనే గుండె జల్లుమనుట అనుభవమే. సన్నని పడవ యేదైనను అంతే. వెడల్పయి, అడుగుభాగము బల్లపరుపుగా నున్నచో ఆ భయము చాలవరకు తీరును. అట్టి పడవలలో అమెరికావారి ‘జాన్ బోటు’ ప్రసిద్ధమైనది. నేడు దానినిగూర్చి ముచ్చటింతము.

మిస్సోరీ, ఆర్కన్సా రాష్ట్రములలోని ఓజార్కు కొండలనడుమ పారు నదులలో గులకరాళ్లు మెండు, లోతు తక్కువ. అచ్చట చేపలు పట్టువారు కొయ్యపలకలతో ఇట్టి పడవలు చేసికొనెడివారు. 1945లో రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట కొయ్యకు బదులు అల్యూమినియం రేకు వాడుకలోనికి వచ్చెను. ఈ లోహము ఉక్కు బరువులో మూడవవంతు మాత్రమే. నీట నానదు, చివుకదు. చిన్న పడవను ఇద్దరు మనుష్యులు ఎత్తి బండిపై పెట్టవచ్చును.

అంగడిలో ఈ పడవలను ‘1232’, ‘1448’ అను అంకెలతో పిలుతురు. మొదటి రెండంకెలు పొడవును అడుగులలోను, తక్కిన రెండు అడుగుభాగపు వెడల్పును అంగుళములలోను తెలుపును. కొనువారు సాధారణముగా పొడవునే చూతురు. వెడల్పును చూడవలెనని మా మనవి.

కొంచెము లెక్క వేయుదము. 1232 పడవలో 75 కిలోల మనిషి యెక్కినచో అది సుమారొక అంగుళము నీట దిగును. 1448 అంతే దిగుటకు 130 కిలోల బరువు వలయును. పక్కకు ఒరుగుటలో భేద మింకను అధికము. ఒరుగుటను ఎదిరించు శక్తి వెడల్పుయొక్క ఘనమునుబట్టి పెరుగును. కనుక పొడవున రెండే అడుగులు హెచ్చయినను, రెండవ పడవ మొదటిదానికన్న ఇంచుమించు నాలుగురెట్లు నిలకడ గలది. పిల్లలతో పోవువారు, నిలుచుండి గాలము వేయువారు మరువరాని సంగతి యిది.

అయినను ఈ నిలకడ నిశ్చలమైన నీటికే చెల్లును. పెద్ద చెరువులో గాలి లేచినపుడు బల్లపరుపు అడుగుభాగము అలలపై దబదబ కొట్టుకొనును. అంచు తక్కువగుటచే నీరు లోనికి వచ్చును. అట్టి చోటులకు ముందుభాగము కోసుగానుండి, అంచు ఎత్తయిన పడవయే మేలు.

రేకులను రివిట్లతో బిగించిన పడవ తేలిక, వెలయు తక్కువ. కాని యేండ్లు గడచినకొలది రివిట్లు వదులై నీరు చెమ్మగిల్లవచ్చును. వెల్డింగు చేసినది బరువు, ప్రియము. రాళ్లతాకిడికి బాగుగ నోర్చును. ఉప్పునీట రాగి తగిలియున్నచో అల్యూమినియం త్వరగా తినివేయబడును. కావున రాగి కలిసిన రంగు పూయరాదు.

ఎందరు ఎక్కవచ్చును? అమెరికాలో 1972 నుండి తయారైన ఇట్టి చిన్న పడవలకు మనుష్యుల సంఖ్యను, బరువును, ఇంజను శక్తిని తెలుపు పలక యుండవలెనని నియమము. పలక లేనిచో పొడవును మొత్తము వెడల్పుచే హెచ్చించి, 15చే భాగింతురు. పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పుగల పడవకు ముగ్గురే. అదియు నీరు నిశ్చలముగా నున్నపుడు మాత్రమే.

నాలుగవవాడు గట్టుననే నిలుచుటకు వెనుదీయరాదు. ఎక్కిన ముగ్గురును తేలుడుచొక్కాలు తొడిగికొనిన పిదపనే పడవను నీటిలోనికి నెట్టవలెను.