ఇంజను మార్చుటకు ముందు కంప్యూటరు సంగతి చూడుడు

నిరుడు సోయాచిక్కుడు కోతల కాలమున కంగ్టి మండలములోని ఒక గ్రామమునకు పోయినప్పుడు, వేపచెట్టు క్రింద నిలిచిపోయిన ఒక పికప్ బండిని చూచితిని. దాని ఇంజను పట్టివేయగా, రైతు అదే పేరు గల మరొక బండి నుండి తీసిన ఇంజనును పట్టణములో కొని తెచ్చి బిగింపించెను. బోల్టులన్నియు కుదిరినవి, గేరుబాక్సు కుదిరినది. తాళము త్రిప్పిన ఇంజను తిరుగును గాని అంటుకొనదు. డీజిలు పంపును విప్పి పరీక్షకు పంపిరి. ఇంజెక్టర్లు మార్చిరి. బ్యాటరీ మార్చిరి. యాసంగి శనగ విత్తనములకు దాచుకొన్న సొమ్ము ఈ విధముగా కరిగిపోయినది. వసారాలో సంచులు నిలువయున్నవి, పైన మబ్బు. "ఇంజను మంచిదే సార్, తిరుగుతది గాని అంటుకుంటలేదు" అని ఆ రైతు నాతో అనెను.

పైర్ల శాస్త్రము చెప్పువానికి ఇంజన్లతో పనియేమని మీరడుగవచ్చును. అదనుకు విత్తనము పడకపోయినను, పండిన పంట తడవకముందే నారాయణఖేడు అంగడికి చేరకపోయినను, నష్టపోవునది పైరే కదా.

పాత జీపులలోను, పాత ట్రాక్టర్లలోను డీజిలు పంపు కేవలము ఇనుప యంత్రము. ఎప్పుడు, ఎంత డీజిలు కొట్టవలెనో లోపలి పండ్ల చక్రములు, స్ప్రింగులు నిర్ణయించును. అట్టి ఇంజనును ఒక బండి నుండి మరొక బండికి మార్చుట మెకానికు నేర్పుపై ఆధారపడిన పని. మన ప్రాంతపు మెకానికులు ఇందులో ఎవరికిని తీసిపోరు.

కామన్ రైలు పద్ధతి వచ్చిన తరువాత సంగతి మారినది. ఈ ఇంజన్లలో డీజిలు ఒక గట్టి గొట్టములో వేయికి మించిన బార్ల ఒత్తిడితో నిలువయుండును. మీ ట్రాక్టరు వెనుక టైరులోని గాలి ఒత్తిడి సుమారు 1 బారు మాత్రమేయని తలచిన, ఇది ఎంతటిదో తెలియును. (పాత అలవాటున గాలి తీయుటకు ఈ గొట్టముల నట్లను ఇంజను తిరుగుచుండగా వదులు చేయరాదు. ఆ డీజిలు ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు.) ఇంజెక్టర్లను తెరచునది విద్యుత్తు. ఆ విద్యుత్తును పంపునది ఇ.సి.యు. అనబడు చిన్న పెట్టె. ఇదియే ఇంజను కంప్యూటరు. క్రాంకు ఏ స్థానములో నున్నది, నీటి వేడి ఎంత, గొట్టములో ఒత్తిడి ఎంత, మీరు యాక్సిలరేటరు ఎంత త్రొక్కితిరి అను వార్తలను సెన్సర్లు దీనికి చేర్చును. దానినిబట్టి అది సెకనులో వేయవ వంతు లెక్కన డీజిలును కొలిచి ఇచ్చును.

విత్తన యంత్రములో సోయాకు అమర్చిన పలకతో నువ్వులు విత్తిన ఏమగును? యంత్రమున లోపము లేదు, నువ్వులలోను లోపము లేదు. కాని చేను పాడగును. ఇంజనుకును, ఇ.సి.యు.కును గల సంబంధము ఇట్టిదే. ఆ పెట్టెలోని లెక్కలు ఒక ఇంజను కొరకు వ్రాసినవి.

మన రైతు బండిలో జరిగిన దేమనగా, క్రాంకు స్థానము తెలుపు పండ్ల చక్రము రెండు ఇంజన్లకు వేరుగా నుండెను. 60 పండ్లకు చోటున్న చక్రమున రెండు పండ్లను వదలి 58 ఉంచుట ఒక పద్ధతి. 36 పండ్లకు ఒకటి వదలుట మరొకటి. ఆ ఖాళీని చూచియే కంప్యూటరు ఇంజను ఎక్కడ నున్నదో గుర్తుపట్టును. గుర్తు దొరకనిచో అది ఇంజెక్టర్లను తెరువదు. పంపు ఎన్నిమార్లు మార్చినను ఫలము సున్న. స్టీరింగు దగ్గర నుండు 16 సూదుల సాకెట్టుకు పరీక్ష యంత్రము తగిలించి యుండిన, ఈ లోపము మొదటి రోజుననే బయటపడెడిది.

తరువాత ఆ ఇంజనుతో వచ్చిన ఇ.సి.యు.ను వెదకి తెచ్చి పెట్టిరి. ఈసారి తాళము ఒప్పుకొనలేదు. నేటి తాళపు చెవిలో ఒక చిన్న చిప్పు కలదు. దొంగల నుండి కాపాడుటకు దానిని ఇ.సి.యు.తో జోడించి యుంతురు. జోడు విడిన బండి స్టార్టు కాదు, లేక ఒక క్షణము తిరిగి ఆగును. చివరకు పాత బండి తాళపు చెవి, దాని గుర్తింపు పెట్టె కూడ దొరికిన తరువాతనే బండి కదలినది. అప్పటికి సంచులు కిరాయి బండిలో పోయినవి.

కనుక ఇంజను కొనబోవు వారికి నా సలహా: ఇనుమును మాత్రమే కొనవద్దు. వీలైనంతవరకు ఇంజను, ఇ.సి.యు., వైర్ల కట్ట, తాళపు చెవి, దాని గుర్తింపు పెట్టె ఒకే బండి నుండి ఒకే జట్టుగా తీసుకొనుడు. అమ్మువాడు పెట్టెకు వేరుగా ధర చెప్పినను అది దండుగ కాదు. అట్లు దొరకనిచో, మీ బండి ఇంజను కోడుతో సరిపోవు ఇంజనునే వెదకి, మీ ఇ.సి.యు.ను, మీ వైర్లను అట్లే ఉంచుకొనుడు. అప్పుడు ఇంజెక్టర్లపై ముద్రించిన అక్షరములు, అంకెలు గల గుర్తును పరీక్ష యంత్రముతో ఇ.సి.యు.లో వ్రాయించవలెను. ఇది మరచిన ఇంజను అంటుకొనును గాని కొట్టుకొనును, పొగ వదలును. ఇ.సి.యు. పైనున్న నెంబరును ఫోటో తీసి పోల్చుడు. బాష్ కంపెనీ డీజిలు పెట్టెలపై నెంబరు 0281తో మొదలగును. చివరి అంకెలలో ఒక్కటి తేడా యున్నను లోపలి లెక్కలు వేరై యుండవచ్చును. ప్లగ్గు ఇమిడినంత మాత్రమున వైర్ల వరుస ఒక్కటేయని నమ్మరాదు.

బండి పుట్టిన సంవత్సరమును కూడ చూడవలెను. భారత్ స్టేజి-4 నియమములు 2017 ఏప్రిలు 1 నుండి, భారత్ స్టేజి-6 నియమములు 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట అమలులోనికి వచ్చినవి. స్టేజి-6 డీజిలు బండి కంప్యూటరు పొగగొట్టములోని జల్లెడ వార్తను కూడ ఎదురుచూచును. అది అందనిచో ఇంజను బలమును తగ్గించివేయును. 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 నియమములు 2023 జనవరి 1 నుండి వర్తించినందున, అట్టి ట్రాక్టర్లు కొన్నవారు కూడ ఈ సంగతులు తెలిసికొనుట మంచిది. అంతకు తక్కువ శక్తి గల ట్రాక్టర్లలో పాత పద్ధతి పంపే ఉన్నచో ఈ చిక్కు లేదు.

ట్రాలీ కొక్కెమునకో, చాసిస్‌కో వెల్డింగు చేయించునప్పుడు బ్యాటరీ తీగలను విప్పి, ఇ.సి.యు. ప్లగ్గును ఊడదీయుడు. పెట్టెపై నేరుగా నీళ్లు కొట్టి కడుగరాదు. ధాన్యపు కొట్టములో బండి నిలుపు వారు ఎలుకలను మరువరాదు. శనగ సంచుల కంటె ముందు అవి వైర్లను కొరుకుట నేను చూచితిని.

ఇంజను నెంబరు మీ రిజిస్ట్రేషను పత్రములో నుండును. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము ఇంజను మార్పును 14 రోజులలోగా రవాణా శాఖ వారికి తెలుపవలెను. కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులు మనకు దగ్గర. అటు నుండి తెచ్చిన ఇంజనైనచో, అమ్మినవాని రశీదును, ఆ బండి పత్రముల నకలును తీసికొననిదే సొమ్ము చెల్లింపవద్దు. భీమా కంపెనీ వారికి కూడ క్రొత్త నెంబరును వ్రాసి పంపుడు.